ప్రత్యేక అవసరాలకు హెల్మెట్ తయారుచేయించుకోవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

మా వర్క్‌షాప్‌కి ఫోన్ చేసేవాళ్లు చాలామంది "తల కొలత ఎలా తీసుకోవాలి?" అనే మొదలుపెడతారు. మేము మాత్రం ముందు వేరే సంగతి అడుగుతాం: దెబ్బ ఎటునుంచి, ఎలా తగులుతుంది? అది తేలితే షెల్ ఏ మెటీరియల్, లోపల ఏ ఫోమ్, పట్టీ ఎలా ఉండాలి అన్నవి వాటంతటవే తేలిపోతాయి. ఫ్యాక్టరీలవాళ్లు, కాంట్రాక్టర్లు, క్రీడాకారులు, తలకు ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన పేషెంట్ల కుటుంబాలు ఎక్కువగా అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాశాం.

షాపుల్లో ఇన్ని హెల్మెట్లు దొరుకుతుంటే, ప్రత్యేకంగా చేయించాల్సిన అవసరం ఏముంది?

చాలాసార్లు అవసరం ఉండదు. మీ పనికి ఇప్పటికే సర్టిఫై అయిన మోడల్ ఉంటే అదే కొనుక్కోమని మేమే చెప్తాం.

రెడీమేడ్ హెల్మెట్ కొన్ని విషయాలు ముందే అనుకుని తయారవుతుంది. తల ఆకారం మామూలుగా ఉంటుందని, పుర్రె గట్టిగా ఉందని, దెబ్బ ఫలానా చోటే తగులుతుందని. వీటిలో ఏదైనా మీ విషయంలో నిజం కానప్పుడే కొత్త డిజైన్ కావాలి. కెనడాలో టీనా సింగ్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు తన పిల్లల జుట్టుముడి మీద ఏ సైకిల్ హెల్మెట్టూ సరిగ్గా కూర్చోకపోవడం చూసి, సిక్కు పిల్లల కోసం పైన ముడికి చోటున్న హెల్మెట్ డిజైన్ చేయించి, టెస్టులు పాస్ చేయించి 2022లో బయటపెట్టారు. అక్కడ మారింది తల ఆకారం.

క్రికెట్‌లో మారింది దెబ్బ తగిలే చోటు. 2014 నవంబరులో బౌన్సర్ తగిలి చనిపోయిన ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిలిప్ హ్యూస్ హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు. కానీ బంతి హెల్మెట్ అంచుకు కింద, చెవి వెనక మెడ మీద తగిలింది. అతను పెట్టుకున్న మోడల్ ఆ భాగాన్ని కప్పేది కాదు. ఆ తర్వాత వెనకభాగానికి తగిలించే నెక్ గార్డులు వచ్చాయి. 2023 అక్టోబరు నుంచి క్రికెట్ ఆస్ట్రేలియా తన ఆటగాళ్లకు ఫాస్ట్ బౌలింగ్ ఆడేటప్పుడు వాటిని తప్పనిసరి చేసింది.

బైక్ హెల్మెట్ గట్టిగానే ఉంటుంది కదా, సైట్‌లో అదే పెట్టుకుంటే సరిపోదా?

సరిపోదు. బైక్ మీద తల వేగంగా వెళ్లి రోడ్డుకు తగులుతుంది. సైట్‌లో తల నిలకడగా ఉంటుంది, పైనుంచి వస్తువు వచ్చి పడుతుంది. అందుకే సైట్ హెల్మెట్‌లో షెల్‌కీ నెత్తికీ మధ్య ఖాళీ వదిలి, లోపల పట్టీల ఊయల కడతారు. యూరప్ ప్రమాణం ఈఎన్ 397, 2012 కూర్పు ప్రకారం 5 కిలోల బరువును మీటరు ఎత్తు నుంచి నడినెత్తి మీద వదిలితే, లోపలికి చేరే బలం 5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 500 కిలోల బరువంత, దాటకూడదు. మన దగ్గర పారిశ్రామిక హెల్మెట్లకు ఐఎస్ 2925, టూవీలర్ హెల్మెట్లకు ఐఎస్ 4151 ఉన్నాయి. నంబర్లే కాదు, టెస్టులు కూడా వేరు.

తిరగేసి చూస్తే ఇంకా ప్రమాదం. పోలీసుల్ని చూసి సైట్ టోపీ తలమీద పెట్టుకుని బండి నడిపేవాళ్లు కనిపిస్తుంటారు. దానికి పక్కల నుంచి రక్షణ దాదాపు లేనట్టే, పడగానే ఊడిపోతుంది. 2021 జూన్ 1 నుంచి దేశంలో ఐఎస్ఐ గుర్తు లేని టూవీలర్ హెల్మెట్ తయారుచేయడం, అమ్మడం నేరం. కాబట్టి "బైక్ మీద కూడా పనికొచ్చే స్పెషల్ హెల్మెట్ చేసిపెట్టండి" అని ఎవరడిగినా మేము ఒప్పుకోం.

లోపల థర్మాకోల్ లాంటిది పెడతారెందుకు? అదేం కాపాడుతుంది?

హెల్మెట్లో ప్రాణం కాపాడేది ప్రధానంగా అదే. బయటి షెల్ దెబ్బను ఎక్కువ మేర పరుస్తుంది, మొనదేలిన వస్తువు దిగబడకుండా ఆపుతుంది. తల ఆగడానికి కాస్త దూరం ఇచ్చేది మాత్రం లోపలి ఫోమ్.

లెక్క చాలా సులువు. తల 2 మీటర్ల ఎత్తు నుంచి పడితే నేలను తాకే వేగం సెకనుకు సుమారు 6.3 మీటర్లు. ఆ వేగం సున్నా అవడానికి ఫోమ్ 20 మిల్లీమీటర్ల దూరం ఇచ్చిందనుకోండి. ఎత్తును ఆ దూరంతో భాగించండి: 2000 బై 20, అంటే 100. తల మీద పడే సగటు కుదుపు గురుత్వాకర్షణకు 100 రెట్లు, దాన్నే మేము 100 జీ అంటాం. ఫోమ్ లేకుండా 4 మిల్లీమీటర్లే దొరికితే అది 500 జీ అవుతుంది. ఇవి సగటు లెక్కలు, ఒక్క క్షణం తగిలే గరిష్ఠ కుదుపు ఇంకా ఎక్కువ. అమెరికా సైకిల్ హెల్మెట్ ప్రమాణం సరిగ్గా ఆ 2 మీటర్ల ఎత్తు నుంచే పడేసి, గరిష్ఠ కుదుపు 300 జీ దాటితే ఫెయిల్ చేస్తుంది.

ఫోమ్ తన మందంలో మూడింట రెండొంతులు నలిగాక గట్టిపడిపోతుంది. ఇక ఆపలేదు. 20 మిల్లీమీటర్లు నలగాలంటే కనీసం 30 మిల్లీమీటర్ల మందం ఉండాలి. "సన్నగా, టోపీలా కనిపించేలా చేయండి" అనేవాళ్లకు మేము ఈ లెక్కే కాగితం మీద వేసి చూపిస్తాం. మందం తగ్గించాలంటే ఎంత ఎత్తు నుంచి పడితే కాపాడాలో ఆ ఎత్తునే తగ్గించుకోవాలి.

ఇంకో అపోహ కూడా ఉంది. వేలితో నొక్కితే గట్టిగా ఉన్న ఫోమ్ మంచిదనుకుంటారు. మరీ గట్టిదైతే ఒక మోస్తరు దెబ్బకు అసలు నలగదు, కుదుపంతా తలకే చేరుతుంది. పిల్లల తల బరువు తక్కువ కాబట్టి వాళ్లకు ఇంకా మెత్తటి ఫోమ్ వాడాలి. పెద్దల హెల్మెట్‌ని సైజు తగ్గించి పిల్లలకు పెట్టడం సరైన పని కాదు.

ఒకసారి దెబ్బ తగిలితే పారేయాలా?

పైన చెప్పిన థర్మాకోల్ రకం, అంటే ఈపీఎస్ ఫోమ్ అయితే పారేయాలి. దానిలోని పూసలు నలిగి, పగిలి, మళ్లీ పైకి లేవవు. బయట గీత కూడా కనిపించకపోవచ్చు. మాటిమాటికీ చిన్న దెబ్బలు తగిలే చోట, అంటే మూర్ఛ ఉన్నవాళ్లకీ ఐస్ హాకీ లాంటి ఆటలకీ, ఈపీపీ లేదా వినైల్ నైట్రైల్ ఫోమ్ వాడతాం. అవి నలిగినా తిరిగి లేస్తాయి. ఒక్క పెద్ద దెబ్బను అవి ఈపీఎస్ అంత బాగా మింగలేవు, అందుకే దెబ్బ ఏ రకందో ముందే అడుగుతాం.

తల గిర్రున తిరిగే దెబ్బ సంగతేంటి? ఎంఐపీఎస్ పెట్టిస్తారా?

మెదడు సూటి కుదుపు కన్నా మెలితిప్పే కుదుపును తట్టుకోలేదని ఆక్స్‌ఫర్డ్‌లో హోల్బోర్న్ అనే శాస్త్రవేత్త 1943లోనే జెలటిన్ నమూనాలతో చూపించాడు. హెల్మెట్ తయారీ ఆ మాటను పట్టించుకోవడానికి దశాబ్దాలు పట్టింది. స్వీడన్‌లో న్యూరోసర్జన్ హాన్స్ వాన్ హోల్స్ట్, కేటీహెచ్ యూనివర్సిటీ పరిశోధకుడు పీటర్ హాల్డిన్ 1996 ప్రాంతంలో మొదలుపెట్టిన పని నుంచి ఎంఐపీఎస్ వచ్చింది. తలకీ ఫోమ్‌కీ మధ్య ఒక పలుచటి పొర దెబ్బ తగిలినప్పుడు 10, 15 మిల్లీమీటర్లు జారి, తలకు చేరే మెలిక కుదుపును తగ్గిస్తుంది. ఐక్యరాజ్యసమితి టూవీలర్ ప్రమాణం ఈసీఈ 22.06లో ఇప్పుడు ఏటవాలు దెబ్బ టెస్టు కూడా చేరింది. వేగం ఉన్న పనులకు, అంటే సైక్లింగ్, గుర్రపు స్వారీ వంటివాటికి జారే పొర పెట్టమనే మేము సలహా ఇస్తాం. నేరుగా నెత్తిమీద వస్తువు పడే పనికి ఆ డబ్బు మంచి పట్టీ మీద పెట్టండి.

గడ్డం కింద పట్టీ ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదేనా?

పట్టీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి.

సైట్‌లో ఇనుప కడ్డీకో, కదిలే యంత్రానికో హెల్మెట్ చిక్కుకుంటే, పట్టీ ఊడకపోతే మనిషి మెడ చిక్కుకుంటుంది. అందుకే ఈఎన్ 397 (2012 కూర్పు) పట్టీ 150 నుంచి 250 న్యూటన్ల మధ్య, అంటే 15 నుంచి 25 కిలోల లాగుడుకి, తానే విడిపోవాలంటుంది. కొండలెక్కేవాళ్ల సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. జారి పడుతూ రాళ్లకు పదేపదే తగులుకునేటప్పుడు హెల్మెట్ తలమీదే ఉండాలి. వాళ్ల ప్రమాణం ఈఎన్ 12492 ప్రకారం పట్టీ 500 న్యూటన్లకైనా ఊడకూడదు.

చిన్నపిల్లలది మూడో కథ. సైకిల్ హెల్మెట్ తీయకుండానే పార్కులో నిచ్చెనలెక్కి, కమ్మీల మధ్య హెల్మెట్ ఇరుక్కుని పిల్లలు ఉరిపడిన సంఘటనలు యూరప్‌లో జరిగాయి. ఆ తర్వాతే ఈఎన్ 1080 అనే వేరే ప్రమాణం రాశారు. అందులో పట్టీ 90 నుంచి 160 న్యూటన్ల మధ్య విడిపోతుంది, బకిల్ మీద ఆకుపచ్చ రంగు ఉంటుంది. మన దేశంలో 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం 9 నెలల నుంచి 4 ఏళ్ల పిల్లల్ని టూవీలర్ మీద తీసుకెళ్తే హెల్మెట్, సేఫ్టీ హార్నెస్ పెట్టాలి. ఆకుపచ్చ బకిల్ అంటే లాగితే తానే విడిపోయే రకమని గుర్తు, కొనేటప్పుడు ఆ రంగు ఓసారి చూడండి.

కాబట్టి పట్టీ ఎప్పుడు పట్టుకోవాలి, ఎప్పుడు వదిలేయాలి అన్నది పనిని బట్టే తేలాలి. ఎత్తులోనూ యంత్రాల మధ్యా రెండుచోట్లా పనిచేసే వాళ్లకు, రెండు సెట్టింగుల బకిల్ ఉన్న రెడీమేడ్ మోడళ్లు ఉన్నాయి. అలాంటప్పుడు మేము కొత్తది చేయం, అవే సూచిస్తాం.

తాటిచెట్లు ఎక్కే గీత కార్మికులకు హెల్మెట్ చేస్తారా?

ఈ ప్రశ్న మా మనసుకు దగ్గరది, కాబట్టి సూటిగా చెప్తాం. పది పదిహేను మీటర్ల ఎత్తు నుంచి కిందపడితే ఏ హెల్మెట్టూ కాపాడలేదు. పైన వేసిన లెక్కే మళ్లీ వేసి చూడండి, 20 మిల్లీమీటర్ల ఫోమ్ ఏ మూలకూ చాలదు. ముందు పడకుండా ఆపే తాడు, నడుం పట్టీ కావాలి. తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు ఇవ్వడం మొదలుపెట్టింది అలాంటి కిట్లే.

తాడు ఉన్నాక హెల్మెట్‌కు విలువ వస్తుంది. జారి తాడుకు వేలాడినప్పుడు తల మొద్దుకు కొట్టుకుంటుంది, పైనుంచి ఎండు మట్ట ఊడి పడుతుంది. దీనికి కొండలెక్కేవాళ్ల తరహా తేలికపాటి హెల్మెట్ బాగుంటుంది. ఒక్క మార్పు చాలు: చెట్టు మీద మనిషి తల వెనక్కి వాల్చి గెలల వైపు చూస్తాడు, కాబట్టి వెనక అంచు మెడకు పొడుచుకోకుండా పైకి కోయాలి. ముందు చూరు కూడా ఉండకూడదు, మట్టల మధ్య తల దూర్చినప్పుడు అది తగులుకుంటుంది.

కరెంటు స్తంభాల మీద పనికి?

గాలి రంధ్రాలు ఉండకూడదు, లోహపు రివెట్లు ఉండకూడదు. అమెరికా ప్రమాణంలో క్లాస్ ఈ హెల్మెట్‌ను 20,000 వోల్టుల దగ్గర, క్లాస్ జీ హెల్మెట్‌ను 2,200 వోల్టుల దగ్గర పరీక్షిస్తారు. క్లాస్ సీకి విద్యుత్ రక్షణ అసలు లేదు, రంధ్రాలున్నవి సాధారణంగా ఇందులోకే వస్తాయి. పేరు రాయించడానికో, లైటు బిగించడానికో డ్రిల్ వేస్తే ఆ రక్షణ అక్కడితో పోయినట్టే.

బొగ్గు గనుల హెల్మెట్‌కి లైట్ క్లిప్ మార్చి ఇవ్వగలరా?

విడి పీసులుగా చేయం. సింగరేణి అయినా ఇంకే గని అయినా, భూగర్భంలో వాడే హెల్మెట్, క్యాప్ ల్యాంప్ గనుల భద్రతను చూసే కేంద్ర సంస్థ, ధన్‌బాద్‌లోని డీజీఎంఎస్ ఆమోదం పొందినవే అయి ఉండాలి. లోపల మీథేన్ ఉంటుంది, ల్యాంప్ నుంచి చిన్న నిప్పురవ్వ వచ్చినా పేలుడే. కంపెనీ తరఫున కొత్త మోడల్ అభివృద్ధి చేయాలంటే ఆ ఆమోదానికి కావలసిన కాగితాలతో సహా కలిసి పనిచేస్తాం. అప్పుడు మా దృష్టంతా బరువు ఎటు వాలుతుందన్న దాని మీదే ఉంటుంది. నుదుటి మీద ల్యాంప్ ఉంటే హెల్మెట్ ముందుకు జారుతుంది, కార్మికుడు వెనక ఉన్న బిగింపు చక్రాన్ని (రాట్చెట్) బిగిస్తాడు, గంటలో తలనొప్పి వస్తుంది, ఆ తర్వాత హెల్మెట్ తీసి పక్కన పెడతాడు.

ఎండాకాలం భరించలేకపోతున్నాం. ఏసీ హెల్మెట్ మంచిదేనా?

హైదరాబాద్ స్టార్టప్ జార్ష్ ఇలాంటివి చేసింది, 2023లో రాచకొండ ట్రాఫిక్ పోలీసులు ప్రయోగాత్మకంగా వాడి చూశారు. ఒకేచోట నిలబడి చేసే డ్యూటీకి ఆలోచన బాగుంది. నిచ్చెనలెక్కుతూ, వంగుతూ పనిచేసేవాళ్లకు మాత్రం మేము సిఫారసు చేయం, ఎనిమిది గంటల పాటు ఆ అదనపు బరువు మెడ మోయాలి. రామగుండం ఎండలో కూడా ముందు చేయాల్సినవి చవకైనవే: తెల్ల రంగు షెల్, ఊయలకి పైన మంచి ఖాళీ, ఉతుక్కోగలిగే నుదుటి పట్టీ, మెడ వెనక గుడ్డ.

పుర్రె ఎముక తీసిన పేషెంట్‌కి హెల్మెట్ కావాలి. ఎలా చేస్తారు?

మెదడు వాచినప్పుడు ఒత్తిడి తగ్గించడానికి సర్జన్లు పుర్రెలో ఒక ముక్క తీస్తారు. దాన్ని ఫ్రీజర్‌లోనో, పేషెంట్ పొట్ట చర్మం కిందో భద్రపరిచి, కొన్ని వారాలకో నెలలకో తిరిగి అమరుస్తారు. ఆ మధ్యకాలంలో ఒకవైపు మెదడుకు చర్మమే అడ్డు. బాత్‌రూమ్‌లో కాలు జారితే ఏమవుతుందోనని ఇంట్లోవాళ్లు పడే టెన్షన్ మాకు బాగా తెలుసు.

దయచేసి ఇంట్లో ఉన్న బైక్ హెల్మెట్ పెట్టకండి. బరువెక్కువ, పైగా తొడిగేటప్పుడు ఎముక లేని చోటే నొక్కుతుంది. ఇక్కడ సూత్రం ఒక్కటే: ఆ భాగాన్ని హెల్మెట్ ముట్టుకోకూడదు. బరువంతా చుట్టూ ఉన్న గట్టి ఎముక మీద ఆనాలి.

ముందు సర్జన్ రాతపూర్వక అనుమతి కావాలి, కుట్లు ఆరి ఉండాలి. తల మీద పలుచటి గుడ్డ టోపీ తొడిగి, ఎముక అంచు ఎక్కడుందో వేలితో మెల్లగా తడుముతూ తడిస్తే రంగు అంటుకునే కాపీయింగ్ పెన్సిల్‌తో గీత గీస్తాం. దాని మీద తడి ప్లాస్టర్ పట్టీలు చుడితే ఆ గీత ప్లాస్టర్ లోపలివైపు అచ్చు పడుతుంది. అందులో ప్లాస్టర్ పోసి తల నమూనా తీస్తే, గీత దాని మీదకీ వస్తుంది. ఆ గీత లోపల ఇంకో పొర ప్లాస్టర్ వేసి ఉబ్బెత్తు చేస్తాం. రేపు హెల్మెట్‌లో ఖాళీగా మిగిలేది ఆ చోటే. తర్వాత ఓవెన్‌లో వేడిచేసిన పాలిథిలిన్ ఫోమ్‌ను నమూనా మీద పరిచి, పైన పలుచటి ప్లాస్టిక్ షెల్ దించుతాం. ప్లాస్టర్ తడి పేషెంట్‌కు ఇబ్బంది అనిపిస్తే 3డీ స్కాన్ తీస్తాం, సీటీ స్కాన్ ఉంటే ఎముక అంచు ఇంకా కచ్చితంగా దొరుకుతుంది.

మొదటిసారి తొడిగాక ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, తీసి చూస్తాం. చర్మం మీద ఎర్రటి గుర్తులుంటే ఎంతసేపటికి పోతాయో గమనిస్తాం. అరగంటైనా పోకపోతే అక్కడ ఫోమ్ చెక్కాల్సిందే. వాపు తగ్గేకొద్దీ, జుట్టు పెరిగేకొద్దీ కొలత మారుతుంది కాబట్టి మళ్లీ రమ్మంటాం, ఆ సర్దుబాట్లకు డబ్బు తీసుకోం. కూర్చున్నప్పుడు, నడిచేటప్పుడు, ఫిజియోథెరపీలో, ప్రయాణంలో పెట్టాలి. పడుకునేటప్పుడు ఎలాగన్నది మీ డాక్టరు చెప్పినట్టు చేయండి.

మూర్ఛ వచ్చి ఒక్కసారిగా పడిపోయే పిల్లలకు?

ఎలా పడతారో ఇంట్లోవాళ్లే మాకు చెప్పాలి. ముందుకు పడేవాళ్లకు నుదురు, ముక్కు, గడ్డం ప్రమాదంలో ఉంటాయి, వాళ్లకు ముఖం ముందు మెత్తటి కడ్డీ కావాలి. కాళ్లు తేలిపోయి కూలబడేవాళ్లకు వెనకభాగం ముఖ్యం. వీలైతే ఫోన్‌లో తీసిన వీడియో ఒకటి చూపించండి. బడికి పెట్టుకెళ్లాల్సింది కాబట్టి రంగు, గుడ్డ పిల్లల్నే ఎంచుకోనిస్తాం. ఇష్టపడని హెల్మెట్ బ్యాగులోనే ఉండిపోతుంది.

పసిపిల్లల తల ఒకవైపు చదునుగా ఉంటే పెట్టే హెల్మెట్ కూడా ఇదేనా?

కాదు. అది తల పెరుగుదలను మళ్లించే వైద్య పరికరం, దెబ్బ నుంచి కాపాడదు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల వయసులో మొదలుపెట్టి, రోజుకు 23 గంటలు పెడతారు. పిల్లల డాక్టరు చూసి రాస్తేనే చేస్తాం. చాలామంది పిల్లలకు పడుకోబెట్టే తీరు మారిస్తేనే సర్దుకుంటుంది.

3డీ ప్రింటర్‌తో ఒక్కరోజులో చేసేయొచ్చు కదా?

తలకు సరిపోతుందో లేదో చూసే నమూనా చేయొచ్చు, మేమూ అలాగే చేస్తాం. కానీ మామూలు ప్రింటర్ పొర మీద పొర వేస్తుంది, దెబ్బకు ఆ పొరల మధ్యే చీలుతుంది. ఎక్కువమంది వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో విజయవాడలో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద ఆ వేడి సులువుగా వస్తుంది.

అసలు పీస్ ఎలా చేయాలన్నది సంఖ్యను బట్టి ఉంటుంది. కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి ఒత్తి పోసే ఇంజెక్షన్ మౌల్డింగ్‌కి డై ఖర్చు లక్షల్లో ఉంటుంది, వేల పీసులకైతేనే గిట్టుబాటు. పది ఇరవై పీసులకు ఫైబర్‌గ్లాస్ చేతితో వేయడం, లేదా వేడి ప్లాస్టిక్ షీటును గాలి లాగి అచ్చుకు అంటించే వ్యాక్యూమ్ ఫార్మింగ్ మేలు.

మీరు చేసిన హెల్మెట్‌కి ఐఎస్ఐ గుర్తు ఉంటుందా?

ఒక్క పీస్‌కి రాదు. సర్టిఫికెట్ మోడల్‌కి వస్తుంది. అదే మోడల్ పీసుల్ని వేడిలో, చలిలో, నీళ్లలో ఉంచి, ల్యాబ్‌లో పగలగొట్టి చూడాలి. టెస్టు తట్టుకున్న పీస్ ఇక వాడుకకు పనికిరాదు. కాబట్టి మీకు సర్టిఫై అయిన మోడల్ కావాలంటే, పగలగొట్టడానికే కొన్ని పీసులు అదనంగా చేయాలి, వాటి ఖర్చు మీ బడ్జెట్‌లో ముందే వేసుకోండి. చట్టం సర్టిఫికెట్ అడిగే ఏ పనికీ మేము సర్టిఫికెట్ లేని హెల్మెట్ ఇవ్వం.

స్టిక్కర్లు, పెయింట్ వేసుకోవచ్చా?

మేమే వేసి ఇస్తాం. పాలీకార్బొనేట్, ఏబీఎస్ షెల్‌లను కొన్ని పెయింట్లలోని థిన్నర్, కొన్ని జిగుర్లు లోలోపల బీటలు వారేలా చేస్తాయి. పెట్రోలుతో తుడిస్తే లోపలి ఈపీఎస్ కరిగిపోతుంది. సబ్బునీళ్లు చాలు.

మొదటిసారి వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

ఇప్పుడు వాడుతున్న హెల్మెట్ ఏదైనా ఉంటే, పగిలినదైనా సరే, తీసుకురండి. దాని మీది గీతలు, నలిగిన చోట్లు చూస్తే దెబ్బలు ఎక్కడ తగులుతున్నాయో మాకు తెలుస్తుంది. పని జరిగే చోటి ఫోటోలు, కళ్లద్దాలు, ఇయర్‌మఫ్‌లు, మాస్కు, తలపాగా, తలమీద ఇంకేది పెట్టుకుంటే అవన్నీ తెండి, వాటితో కలిపే కొలత తీస్తాం. కనుబొమ్మలకు కాస్త పైగా తల చుట్టుకొలత సెంటీమీటర్లలో ముందే పంపితే, ట్రయల్‌కి దగ్గరి సైజు సిద్ధంగా ఉంచుతాం. పేషెంట్లయితే డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ సీడీ మర్చిపోవద్దు.